ఆదివారం ఆదివారం మూసీలో చెత్త ఎత్తితే ఏం ఒరుగుతుంది?

నాగోల్_నాని
మా కాలనీ గ్రూపులో కొన్నాళ్లుగా ఇదే సందడి. ఆదివారం పొద్దున్నే గ్లౌజులు, గోనె సంచులు పట్టుకుని మూసీ ఒడ్డుకి వెళ్లడం, ప్లాస్టిక్ ఏరడం, అందరం ఒకే రంగు టీషర్టుల్లో ఫొటో దిగడం. నేనూ వెళ్తున్నాను, కాదనను. కానీ మొన్న మాత్రం మనసు విరిగిపోయింది. ఒడ్డున బురదలో కూరుకుపోయిన ఒక పాత పరుపు లాగుతున్నాం. అది నీళ్లు పీల్చి పీల్చి బరువెక్కింది, నలుగురం పట్టినా కదలట్లేదు. మేం అక్కడ తంటాలు పడుతున్నంతసేపూ పదడుగుల దూరంలో నాలా నోట్లోంచి నల్లటి నీళ్లు ధారగా నదిలోకి పడుతూనే ఉన్నాయి. వాన కూడా లేదు ఆ రోజు. పరుపు బయటికి వచ్చాక అందరూ చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం చేతులు లేవలేదు. అడిగేది ఒకటే. ఈ విషయంలో మామూలు జనం చేయగలిగింది నిజంగా ఏదైనా ఉందా, లేక ఇదంతా మన తృప్తి కోసమేనా?

కేవలం_కామెంట్లు
తృప్తి కోసమే. నెక్స్ట్.

పాతబస్తీ_పోరడు
టీషర్టులు ఎవరు కుట్టించిన్రు? ముందు అది చెప్పు.

నాగోల్_నాని
ఒక బిల్డర్. నవ్వకండి.

పాతబస్తీ_పోరడు
నవ్వుతలేను. రివర్ వ్యూ అని ఫ్లాట్లు అమ్మాలె కదా పాపం, కిటికీ తీస్తే కంపు కొడుతుంటే ఎవడు కొంటడు.

రిటైర్డ్_మూర్తి
నాని గారూ, మీరు చూసిన ఆ నాలాయే అసలు కథ. సర్వీసంతా మురుగునీటి ప్లాంట్లలోనే గడిపినవాణ్ని కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి. కొత్తగా 31 ఎస్టీపీలు, అంటే మురుగు శుద్ధి ప్లాంట్లు, తలపెట్టే నాటికి జీహెచ్‌ఎంసీ పరిధిలో రోజుకి పుట్టే మురుగు 1,650 ఎంఎల్‌డీ అని లెక్క కట్టారు, అంటే 165 కోట్ల లీటర్లు. అప్పటికి ఉన్న ప్లాంట్లన్నీ కలిపి శుద్ధి చేయగలిగింది 772 ఎంఎల్‌డీ. వాటిలో అంబర్‌పేటది 339, నాగోల్‌ది 172, అవే పెద్దవి. మిగతా మురుగంతా నాలాల్లోంచి చెరువులకి, చెరువుల్లోంచి మూసీకి. కొత్త ప్లాంట్ల సామర్థ్యం 1,259 ఎంఎల్‌డీ పైచిలుకు కాబట్టి కాగితం మీద లెక్క సరిపోతుంది. కానీ ప్లాంటు కట్టగానే మురుగు తనంతట తాను నడుచుకుంటూ లోపలికి రాదు కదా. నాలాకి అడ్డంగా చిన్న గట్టు కట్టి, మురుగుని పక్కనున్న పైపులోకి మళ్లించి ప్లాంటు దాకా తీసుకెళ్లాలి. ఆ మళ్లింపు దగ్గర చెత్త ఇరుక్కున్నా, పంపు ఆగినా గట్టు మీద నుంచి పొర్లి నేరుగా నదిలోకే. వాన పడితే ఎలాగూ పొర్లుతుంది, అది వేరే సంగతి. వాన లేని రోజున ధారగా పడుతోందంటే అక్కడ మళ్లింపైనా లేదు, ఉంటే చెడిపోయైనా ఉండాలి. ఆ నాలాని ఫొటో తీసి, టైము వేసి, ఎక్కడుందో రాసి పెట్టండి. పరుపు లాగడం కంటే అది పెద్ద పని.

పాతబస్తీ_పోరడు
రాస్తే చదివేటోడు ఎవడు సార్?

రిటైర్డ్_మూర్తి
జలమండలి నంబరు 155313కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు. నంబరు లేని ఫిర్యాదు గాల్లో మాటే. నంబరుంటే దాని మీద ఆర్టీఐ వేయొచ్చు. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. "ఫలానా నాలా దగ్గర మళ్లింపు ఎప్పుడు కట్టారు, చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు" అని సూటిగా అడగండి. "మూసీ ఎందుకు ఇలా అయిపోయింది" అని అడిగితే జవాబు రాదు, వచ్చినా కవిత్వం వస్తుంది.

కేవలం_కామెంట్లు
మూసీ ఒడ్డున కూర్చుని కవిత్వం రాసేంతసేపు ఊపిరి బిగబట్టగలిగినవాడు ఈ ఊళ్లో ఉన్నాడా సార్.

బెజవాడ_బుల్లోడు
ఇన్ని లెక్కలెందుకండీ, ముందు నది లోపల కట్టిన ఇళ్లు తీసేయాలి. 2024 సెప్టెంబరులో మా బుడమేరు పొంగి సింగ్ నగర్ అంతా రోజుల తరబడి నీళ్లలో ఉంది. బుడమేరు దారిలో ఎక్కడ పడితే అక్కడ కట్టేశారు, నీళ్లకి దారి లేక ఊరి మీద పడ్డాయి. మూసీ సంగతీ అంతే. జనం భాగస్వామ్యం అంటే ముందు జనం అక్కడి నుంచి లేవడం.

ఒడ్డున_ఉండేదాన్ని
పైన బుల్లోడు గారికి. లేవడం అన్నంత తేలిక కాదండీ. 2024లో మా గల్లీలోకి సర్వేకి వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసి వెళ్లారు. అది ఏమిటో, ఎప్పుడు లేవాలో చెప్పినవాళ్లు లేరు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మా పక్కింటి వాళ్లు డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు తీసుకుని వెళ్లిపోయారు, ఇల్లు బాగానే ఉంది, మంచి సంగతే. కానీ ఆమె పని చేసే నాలుగిళ్లు మలక్‌పేటలో ఉన్నాయి. ఇప్పుడు రెండు బస్సులు మారి రావాలి, అందుకని రెండిళ్లు వదిలేసింది. ఇంకో మాట, మా బస్తీ మురుగు మూసీలోకే పోతుంది, నిజమే. కానీ బంజారాహిల్స్ మురుగు ఎక్కడికి పోతుందనుకుంటున్నారు? వాళ్ల గోడల మీద ఎవరూ ఎర్ర రంగు వేయలేదు. వరద వస్తే మునిగేది మేమే, అది మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2025 సెప్టెంబరు చివర్లో ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లు వచ్చాయి, మా సంగతి ఊహించుకోండి. లేవమని అనేముందు మాతో కూర్చుని మాట్లాడండి అంటున్నాం, అంతే.

బెజవాడ_బుల్లోడు
మీ బాధ అర్థమైందమ్మా. కానీ వరద దారిలో ఉండటం మీకే ప్రమాదం కదా, ఆ మాట వెనక్కి తీసుకోలేను.

ఒడ్డున_ఉండేదాన్ని
తీసుకోవద్దండీ. ఎక్కడికి, పనికి ఎంత దూరంలో, పిల్లల బడి సంగతేంటి, ఇవి మమ్మల్ని అడిగి చేయమనండి చాలు.

ముసలి_నగరవాసి
1990ల చివర్లో కూడా మూసీ ఒడ్డు ఖాళీ చేయిస్తామని నందనవనం అని ఒక పథకం తెచ్చారు. అప్పుడూ గొడవలే. కొందరిని తరలించారు, ఆ పేరుతో కాలనీ ఇప్పటికీ ఉంది, నది మాత్రం ఇంకా పాడైంది. మనుషుల్ని మార్చడం వేరు, నీళ్లని మార్చడం వేరు. 1908 వరద తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, నది పక్కన పార్కులు వేశారు. అప్పటి సమస్య వరద ఒక్కటే. ఇప్పుడు పైన కురిసిన నీళ్లు ఆ చెరువుల్లోనే ఆగిపోతాయి, కింద నదిలో పారేదంతా మనం వదిలింది. అసలు మూసీకి సొంత నీళ్లంటూ ఊళ్లో ఎక్కడున్నాయి?

పాతబస్తీ_పోరడు
అంటే మనమే మూసీకి జన్మస్థానం. అనంతగిరి కొండలు ఊకనే పేరు.

లెక్కల_లక్ష్మి
నగరవాసి గారు చెప్పిందే అసలు పాయింటు. సబర్మతి అందంగా ఉందని అందరూ చూపిస్తారు. అహ్మదాబాద్‌లో కనిపించే ఆ నిండు నీళ్లు నర్మద కాలువ నుంచి తెచ్చినవి. వాస్నా బ్యారేజీ దాటి కిందికి వెళ్తే అదే నది ఎంత ఘోరంగా ఉందో గుజరాత్ హైకోర్టే కేసు చేపట్టాల్సి వచ్చింది. 2024లో మన మంత్రులు సియోల్ వెళ్లి చూసొచ్చిన చియోంగ్‌గ్యేచియోన్ వాగు కూడా అంతే, బాగుచేసిన భాగం ఆరు కిలోమీటర్లు కూడా ఉండదు, అందులో పారేది ఎక్కువగా హాన్ నది నుంచి రోజూ పంపు చేసే నీళ్లు. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి మూసీలో వదులుతామంటున్నారు, సంతోషం. మురుగు ఆగకుండా మంచినీళ్లు వదిలితే మురుగు పలచబడుతుంది, అంతకుమించి ఏమీ కాదు. ఆ పలచబడిన నీళ్లు మళ్లీ కింద ఎవరి పొలంలోకో పోతాయి.

వలిగొండ_వాడు
అక్కా ఇప్పుడు మా దగ్గరికి వచ్చినవ్. అందరు నాగోల్ కాడ ఆగిపోతరు, నది ఆడ ఆగదు కదా. మా దిక్కు కత్వలు, అంటే నదికి అడ్డంగ కట్టిన చిన్న ఆనకట్టలు ఉన్నయి, వాటికెల్లి పిల్లాయిపల్లి కాలువ, బునాదిగాని కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ. ఏడాది పొడుగునా నీళ్లు, రెండు పంటల వరి, అది మాకు లాభమే, అబద్ధం ఎందుకు చెప్పాలె. కానీ నాట్లకొచ్చే ఆడోళ్ల కాళ్లు ఒకసారి చూడుండ్రి. మోకాళ్ల దాకా దద్దుర్లు, గోకి గోకి పుండ్లు. సాయంత్రం కిరోసిన్ రాసుకునేటోళ్లు ఉన్నరు. మూసీ మడి అంటే వేరే ఊరి కూలోళ్లు రానే రారు, వస్తే ఎక్కువ అడుగుతరు. కత్వ మీదికెల్లి నీళ్లు దుంకే కాడ నురగ లేసి గాలికి రోడ్డు మీదికి కొట్టుకొస్తది, బండి మీద పోతుంటే మొఖం మీద పడ్తది. మూసీ వడ్లు అని తెలిస్తే బేరం తగ్గించి అడుగుతరు. మా ఇంట్ల తినేతందుకు బోరు కింద వేరే మడి చేసుకుంటం. 2024 నవంబరు 8న ముఖ్యమంత్రి సంగెం కాడ పాదయాత్ర చేసిన్రు, అప్పుడు టీవీలోళ్లు అందరు వచ్చిన్రు. మీ ఆదివారం గ్రూపులోళ్లు ఒక్కసారన్న ఇటు వచ్చిన్రా? మీ కాలనీ నీళ్లే మా పొలంల ఉన్నయి, చూసుకొని పోదురు.

నాగోల్_నాని
మీరు చెప్పింది మా గ్రూపులో యథాతథంగా పెడుతున్నా అన్నా. పేరు తీసేసి.

కేవలం_కామెంట్లు
పెట్టిన ఐదు నిమిషాలకి ఎవరో ఒకరు గుడ్ మార్నింగ్ పువ్వు పెడతారు, పైకి పోతుంది.

గేటెడ్_గోపాలం
ఇది చెప్తే మా అసోసియేషన్ వాళ్లు నన్ను వెలివేస్తారు, అందుకే అసలు పేరుతో రావట్లేదు. మాది పడమటి వైపు పెద్ద అపార్ట్‌మెంటు, ఎస్టీపీ ఉంది. ఉంది అంటే ఉంది, గది ఉంది, బోర్డు ఉంది, మొక్కలకి వాడే శుద్ధి నీళ్లు అని పచ్చ పైపు కూడా ఉంది. ట్రెజరర్‌గా ఉన్నప్పుడు కరెంటు బిల్లు చూసి అనుమానం వచ్చి రాత్రి పదకొండింటికి కిందికి వెళ్లాను. బ్లోయర్లు ఆఫ్. ఆపరేటర్ కుర్రాడు కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నాడు. ఏమయ్యా అంటే, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా ఆపేయమన్నారు సార్, కరెంటు ఎక్కువ వస్తోందని మీ వాళ్లే చెప్పారు అన్నాడు. పక్కనే బైపాస్ వాల్వు సగం తెరిచి ఉంది, అది నేరుగా వరద కాలువలోకి. ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు మాత్రం అన్నీ గుర్రుమంటూ తిరుగుతాయి. ఇంత చేసి మా వాళ్లు కూడా మూసీ క్లీనింగ్ డ్రైవ్‌కి బస్సు వేసుకుని వెళ్లొచ్చారు, నాని గారూ, మీ పక్కనే నిలబడి ఉంటారేమో.

పాతబస్తీ_పోరడు
అరే వా. ఈ పోస్టుకి పూలదండ వేయాలె.

రిటైర్డ్_మూర్తి
గోపాలం గారూ, మీరు చూసింది చాలాచోట్ల ఉన్నదే. జనానికి తెలియనిది ఏమిటంటే ఎస్టీపీ అంటే మిషను కాదు, బతికున్న సూక్ష్మజీవులు. మురుగుని తినేది అవే, వాటికి గాలి కావాలి, ఆ గాలి కొట్టేదే బ్లోయరు. రాత్రంతా గాలి ఆపి పొద్దున స్విచ్ వేస్తే సగం చచ్చి ఉంటాయి, మళ్లీ పుంజుకునేలోపు మళ్లీ రాత్రి అవుతుంది. అంటే పగలు పెట్టే కరెంటు కూడా దండగే. ఖర్చు తగ్గించుకోవాలంటే టైమరు పెట్టి మధ్యమధ్యలో కాసేపు ఆపే పద్ధతులు ఉన్నాయి, తెలిసిన ఇంజినీరుని పిలిచి పెట్టించుకోండి. రోజూ పొద్దున ఒక గాజు సీసాలో బయటికొచ్చే నీళ్లు పట్టి లిఫ్టు పక్కన పెట్టమనండి. నల్లగా ఉందో తేటగా ఉందో లిఫ్టు ఎక్కే ప్రతివాడూ చూస్తాడు.

గేటెడ్_గోపాలం
సీసా ఐడియా బాగుంది సార్. లిఫ్టు దగ్గర వాస్తు ప్రకారం కుదరదంటారేమో చూడాలి.

కెమిస్ట్రీ_సారు
ఇంత మాట్లాడుకున్నారు, ఫార్మా మాట ఎత్తరేం? 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే లీటరుకి 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. తర్వాత ఆ నీళ్లని 18 కిలోమీటర్ల పైపు వేసి అంబర్‌పేట ప్లాంటు వైపు పంపారు. ఇళ్ల మురుగు కోసం కట్టిన ప్లాంటు మందుల రసాయనాలని ఎంతవరకు తీస్తుంది? అపార్ట్‌మెంటు బ్లోయర్ల దగ్గరే ఆగిపోకండి. నేను ఒక టీడీఎస్ పెన్ను కొన్నాను, నాలా నీళ్లు చూస్తే 900 చూపించింది.

రిటైర్డ్_మూర్తి
ఫార్మా మాట ఒప్పుకుంటాను. టీడీఎస్ పెన్ను మాత్రం ఇంట్లో పెట్టేయండి సారూ. అది నీళ్లలో కరిగిన లవణాలు చూపిస్తుంది. మన బోర్లలోనే చాలా చోట్ల 900 ఉంటుంది, ఆ నీళ్లలో చేపలు బతుకుతాయి. నదికి కావాల్సింది కరిగిన ఆక్సిజన్. స్నానానికి పనికొచ్చే నీళ్లలో లీటరుకి కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి, బీఓడీ, అంటే నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకి కావాల్సిన ఆక్సిజన్, 3 దాటకూడదు, ఇదీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఆక్సిజన్ చూసే కిట్లు స్కూలు ల్యాబులో పిల్లలు కూడా వాడొచ్చు. సీసాలో రెండు రసాయనాలు వేయగానే కింద తెల్లగా దిగితే ఆక్సిజన్ లేనట్టే, గోధుమ రంగు వస్తే ఉన్నట్టు. సీసాలో బుడగ ఉండకూడదు, అదొక్కటి జాగ్రత్త.

వలిగొండ_వాడు
మా ఊరి హైస్కూలు సైన్స్ సారుకి చెప్తా. ఆయనకి ఇసొంటివి అంటే పిచ్చి.

లెక్కల_లక్ష్మి
ఇంకోటి. రాష్ట్ర కాలుష్య మండలి మూసీ మీద నాగోల్, ప్రతాపసింగారం, పిల్లాయిపల్లి, రుద్రవెల్లి, వలిగొండ, సోలిపేట, వాడపల్లి దగ్గర నమూనాలు తీసి అంకెలు పెడుతుంది. మనం అదే చోట్ల మన కిట్టుతో చూస్తే రెండూ పక్కపక్కన పెట్టొచ్చు. తేడా వస్తే అప్పుడు అడగడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

లండన్_లత
ఇక్కడి సంగతి ఒకటి. థేమ్స్‌ని 1957లో జీవం లేని నదిగా తేల్చారు, ఇప్పుడు సీల్స్ కూడా తిరుగుతున్నాయి. కానీ వాన పడితే మురుగు ఇప్పటికీ నదుల్లోకి వదులుతారు. జనం గోల చేసి చేసి, 2023 ఆఖరుకల్లా ఇంగ్లండులో అలా పొర్లే చోట్లన్నింటికీ మీటర్లు పెట్టించారు. ఎక్కడ ఎప్పుడు వదులుతున్నారో మా కంపెనీ మ్యాపులో ఫోన్లో చూసుకోవచ్చు. మ్యాపు పెట్టినంత మాత్రాన మురుగు ఆగలేదు, కానీ కంపెనీ వాళ్లు "అబ్బే, మేం వదల్లేదు" అనడానికి లేదు. ఇంకో సరదా సంగతి, 1858 ఎండాకాలంలో థేమ్స్ కంపుకి పార్లమెంటులో కూర్చోలేక పరదాలకి సున్నం లాంటి మందు పూశారు. ఆ ఏడాదే డ్రైనేజీకి డబ్బులు మంజూరయ్యాయి.

పాతబస్తీ_పోరడు
దొరికింది పరిష్కారం. అసెంబ్లీని చాదర్‌ఘాట్ బ్రిడ్జి కిందికి మార్చుండ్రి. ఎండాకాలం సమావేశాలు.

ముసలి_నగరవాసి
ఏసీ పెట్టుకుంటారు నాయనా.

మోడరేటర్
పార్టీల పేర్లు ఎత్తిన రెండు పోస్టులు తొలగించాను. అసెంబ్లీ జోకు ఉంచాను, బాగుంది కాబట్టి.

అమృత్‌సర్_రిటర్న్
చెత్త ఏరడాన్ని మరీ తీసిపారేయకండి. పంజాబ్‌లో కాలీ బేయీ నది ఉంది, 160 కిలోమీటర్లు, గురునానక్‌తో ముడిపడినది. 2000లో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ గారు కరసేవ మొదలుపెట్టారు. వేలమంది దిగి గుర్రపుడెక్క తీశారు, పూడిక తీశారు, గట్లు వేశారు. ఆయన చేసిన తెలివైన పని అక్కడితో ఆగకపోవడం. ఊళ్ల మురుగు నదిలో పడకుండా పైపులు వేయించి, గుంటల్లో నిలవబెట్టి పొలాలకి మళ్లించారు. చెత్త ఎత్తడానికి వచ్చిన జనమే తర్వాత పైపులకి తవ్వారు. తర్వాతి కాలంలో పట్టణాల మురుగు మళ్లీ వచ్చి చేపలు చచ్చిన సందర్భాలు ఉన్నాయి, అదీ నిజమే. అయినా ముందు జనం దిగకపోతే ఆ పైపులు పడేవి కావు.

పశుపతి_యాత్రికుడు
ఖాట్మండులో భాగమతి నది దగ్గర కూడా అంతే, 2013 మే నుంచి ప్రతి శనివారం చెత్త ఎత్తుతున్నారు, అప్పటి ప్రధాన కార్యదర్శి కూడా దిగారు. దర్శనానికి వెళ్లినప్పుడు చూశాను. గట్లు శుభ్రంగానే ఉన్నాయి, ఎండాకాలం కదా, నీళ్లు మాత్రం నల్లగానే ఉన్నాయి.

కేవలం_కామెంట్లు
చూశారా, నేను మొదట్లో అన్నదే.

అమృత్‌సర్_రిటర్న్
నువ్వు అన్నది "నెక్స్ట్" అని. అది వాదన కాదు తమ్ముడూ.

డ్యూటీ_నర్సు
ఎవరు దిగినా సరే, మోకాళ్ల దాకా బూట్లు లేకుండా దిగకండి. కాలికి గాయం ఉంటే అసలు వద్దు. టీటీ ఇంజెక్షన్ చేయించుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, జ్వరం, పిక్కల నొప్పులు వస్తే డాక్టరుకి మూసీలో దిగానని ముందే చెప్పండి. పిల్లల్ని తీసుకెళ్లి ఫొటోలు దిగే తల్లిదండ్రులకి దండం పెట్టి చెప్తున్నా, ఒడ్డు మీదే ఉంచండి.

నాగోల్_నాని
సరే, నేను ఇలా అనుకుంటున్నా. ఈ ఆదివారం సంచులు పట్టుకోం. ఉప్పల్ భగాయత్ వైపు నుంచి నాగోల్ బ్రిడ్జి దాకా ఒడ్డు వెంట నడిచి, నదిలోకి నీళ్లు పడే ప్రతి నోరూ మ్యాపులో గుర్తు పెడతాం. ఫొటో, టైము, నీళ్ల రంగు. రాత్రిపూట సెప్టిక్ ట్యాంకర్లు మ్యాన్‌హోల్‌లో పైపు దింపి ఖాళీ చేసే చోటు ఒకటి మా వాచ్‌మన్‌కి తెలుసట, అదీ రాస్తాం. బండి నంబరు దొరికితే సరి, లేకపోతే గొడవ పెట్టుకోం, ఆ డ్రైవర్లతో మనకెందుకు. గ్రూపులో అడిగితే ఇప్పటికి ముగ్గురు వస్తామన్నారు. మామూలుగా నలభై మంది వస్తారు.

పాతబస్తీ_పోరడు
ఫొటోలో పడరు కదా, అందుకే ముగ్గురు. నన్ను నాలుగోవాణ్ని రాసుకో. బిల్డర్ టీషర్టు మాత్రం వెయ్య.

ఒడ్డున_ఉండేదాన్ని
మా వైపు వచ్చే వారం పెట్టండి. ఏ పైపు ఎవరిదో మా గల్లీ పిల్లలకి తెలుసు. పెద్ద హోటల్ నూనె నీళ్లు ఎన్నింటికి వదులుతారో కూడా తెలుసు. కానీ ఆ మ్యాపు తీసుకెళ్లి రేపు మా ఇళ్లు తీయడానికి వాడితే ఊరుకోం.

లెక్కల_లక్ష్మి
ఇళ్లు గుర్తు పెట్టొద్దు, పైపులే పెడదాం. షీటు నేను తయారు చేస్తా, అందులో ఇంటి నంబరు కాలమే ఉండదు. బయట పెట్టేముందు మీ గల్లీ వాళ్లు చూసి సరే అన్నాకే.

ఒడ్డున_ఉండేదాన్ని
అలా అయితే సరే.

వలిగొండ_వాడు
మా దిక్కు ఎప్పుడు?

నాగోల్_నాని
కిట్లు రాగానే అన్నా. నది వెంట ప్రతాపసింగారం దాటి వస్తే ఎంతసేపు పడుతుంది?

వలిగొండ_వాడు
కారుల అయితే ఎక్కువసేపు పట్టదు. అద్దాలు ఎక్కించుకొని రండి.

రిటైర్డ్_మూర్తి
ఆదివారం నేనూ వస్తాను, మోకాళ్ల నొప్పి, కాస్త నెమ్మదిగా నడవాలి మరి. ఎన్నింటికి?

నాగోల్_నాని
ఆరున్నరకి నాగోల్ మెట్రో కింద సార్. టీ అక్కడే తాగుదాం, ఒడ్డుకి వెళ్లాక తాగబుద్ధి కాదు.